వియ్యంకుడి రైఫిల్ నా భుజం మోయలేకపోతోంది

డెన్వర్ శివార్లలో ఉండే ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 57. సొంతూరు నంద్యాల దాటాక నల్లమల అంచున ఒక పల్లె. అమెరికా వెళ్లి ఇరవై రెండేళ్లయింది, పౌరసత్వం కూడా వచ్చింది. కూతురు అక్కడి అబ్బాయిని చేసుకుంది. వియ్యంకుడిది కొలరాడో వాయవ్య మూలన క్రెయిగ్ దగ్గర. ఆవుల మంద, గడ్డి భూములు ఉన్నాయి. ఆరడుగుల మూడంగుళాల మనిషి. పెళ్లయిన ఐదేళ్లలో వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది వాతావరణం గురించీ మనవరాలి గురించీ తప్ప ఇంకేం లేదట. అలాంటిది ఈ వేసవిలో ఆయన "అక్టోబర్లో నాతో ఎల్క్ (అక్కడి పెద్ద జింక) వేటకు రండి" అని పిలిచి, మామూలు వాటికంటే బలమైన తూటా పేల్చే తన .300 వించెస్టర్ మాగ్నమ్ రైఫిల్ తీసి చేతిలో పెట్టాడు. వీరు పొంగిపోయారు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేశారు. రైఫిల్‌తో వేటాడే సీజన్లలో రెండోదానికి లైసెన్సు కూడా తీసుకున్నారు.

తర్వాత వియ్యంకుడితో కలిసి కాల్పుల సాధన చేసే రేంజ్‌కి వెళ్లారు. మూడో తూటాకే రైఫిల్ పైనున్న స్కోపు (గురి చూసే దుర్భిణి) అంచు వెనక్కి వచ్చి కనుబొమ్మ మీద కొట్టింది. నాలుగు కుట్లు పడ్డాయి. "కుట్లు మానాయి గానీ, ఇప్పుడు ట్రిగ్గర్ మీద వేలు పెడితే చాలు, కళ్లు వాటంతటవే మూసుకుపోతున్నాయి. మొన్న వంద గజాల దూరంలో ఉన్న అట్ట మీద ఐదు కాలిస్తే రెండే తగిలాయి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు" అని రాశారు.

చెప్పకపోయినా సలహాలు వచ్చిపడుతున్నాయి. అల్లుడు 6.5 క్రీడ్‌మోర్ తూటా పేల్చే రైఫిల్ కొనమంటాడు. షాపు కుర్రాడు 7 ఎంఎం పీఆర్‌సీ అంటాడు. ఆఫీసులో తోటి ఉద్యోగి "థర్టీ ఆట్ సిక్స్ ఉండగా ఇంకోటెందుకు" అంటాడు. భార్య మాత్రం "మనవరాలు తిరిగే ఇంట్లో తుపాకీ ఏమిటి, ఈ వయసులో మనకీ టెన్షన్ అవసరమా" అంటున్నారు. హెచ్‌-1బి మీద ఉన్న తమ్ముడి కొడుకు తనూ వస్తానని వెంటపడుతున్నాడు. "వియ్యంకుడు ప్రేమగా ఇచ్చింది వద్దంటే బాగుండదు. మిగతావి నేను చూసుకుంటాను. ఎల్క్‌కి ఏ తూటా సరైనదో అది ఒక్కటి చెప్పండి చాలు" అని ముగించారు.

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరడిగింది తూటా గురించే అయినా, నాలుగు పేజీల్లో దాని గురించి ఉన్నది అర పేజీ. మిగతా మూడున్నర పేజీలూ వియ్యంకుడి గురించి, కనుబొమ్మ గురించి. అయినా అడిగిన దానికి ముందు జవాబు చెప్తాను. ఆ తర్వాత మీరు అడగని దాని దగ్గరికి వస్తాను.

ఎల్క్ అంటే మన నల్లమల కణుజుకి చుట్టమే, కాకపోతే బాగా బలిసిన చుట్టం. పెద్ద మగది మూడు వందల కిలోలు తూగుతుంది. ఎముక గట్టిది, ప్రాణం ఇంకా గట్టిది. ఊపిరితిత్తులకు తగిలినా వంద గజాలు నడిచి వెళ్లగలదు. అందుకే కొలరాడో చట్టం ఒక కనీస గీత గీసింది. తూటా ముక్కున ఉండి దూసుకెళ్లే బుల్లెట్ మందం .24 క్యాలిబర్‌కి (.24 అంగుళం) తగ్గకూడదు, దాని బరువు 85 గ్రెయిన్లకు తగ్గకూడదు, వంద గజాల దగ్గర దాని దెబ్బ శక్తి వెయ్యి ఫుట్-పౌండ్లకు తగ్గకూడదు. మీకు నలుగురూ చెప్పిన నాలుగు తూటాలూ ఈ గీతను సునాయాసంగా దాటేస్తాయి. వేటగాళ్లలో ఇంకో లెక్క ఉంది. ఎల్క్‌ని తాకేచోట 1500 ఫుట్-పౌండ్లు ఉండాలంటారు. అది శాస్త్రం కాదు, వాడుక. అయినా తప్పుదారి పట్టించేది కాదు కాబట్టి దాన్నే పట్టుకుందాం.

6.5 క్రీడ్‌మోర్‌లో మంచి 143 గ్రెయిన్ల బుల్లెట్ మూడు వందల గజాల దగ్గర సుమారు 1600 ఫుట్-పౌండ్ల దగ్గర ఉంటుంది. .308 అనే ఇంకో తూటాలో 165 గ్రెయిన్లదీ దాదాపు అంతే, అది చేసే రంధ్రం మాత్రం కాస్త పెద్దది. థర్టీ ఆట్ సిక్స్ వీటికంటే ఒక మెట్టు పైన. మీ వియ్యంకుడి .300 మాగ్నమ్ అదే మూడు వందల గజాల దగ్గర 2200 దాటి ఉంటుంది. 1500 గీత కిందికి అది రావాలంటే ఐదు వందల గజాలు కూడా దాటాలి. షాపు కుర్రాడు చెప్పిన 7 ఎంఎం పీఆర్‌సీ 2022లో వచ్చిన కొత్త సరుకు. అదీ మాగ్నమ్ జాతిదే, దూరం కోసం పుట్టిందే.

మాగ్నమ్ మీకు అదనంగా ఇచ్చేదంతా నాలుగు వందల గజాల అవతల ఉంది. ఆ దూరంలో మీకేం పని? వంద గజాల అట్ట మీద ఐదింటిలో మూడు తప్పుతున్న మనిషి నాలుగు వందల గజాల దగ్గర ఏ తూటా పట్టుకున్నా ఒకటే. ఈ మాట కష్టంగా అనిపిస్తుందని తెలుసు. కానీ మీరే ఎవరికీ చెప్పకుండా నాకు చెప్పారు, కాబట్టి చుట్టూ తిప్పి చెప్పడం మర్యాద కాదు.

ఆ అదనానికి మీ భుజం కడుతున్న ధర కూడా చూడండి. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో 6.5 క్రీడ్‌మోర్ సుమారు 12 ఫుట్-పౌండ్ల బలంతో వెనక్కి తన్నుతుంది. .308 అయితే 17, 18. థర్టీ ఆట్ సిక్స్ 20 దాకా. .300 మాగ్నమ్ 26 పైన. పుట్టిన దగ్గర్నుంచి భుజానికి ఇలాంటివి ఆనించి పెరిగిన ఆరడుగుల మనిషికి ఆ 26 లెక్కలోది కాదు. మీకు మొదటి పాఠమే అది.

కనుబొమ్మ పగలడంలో మీ తప్పు తక్కువ. ఆ రైఫిల్ మడమ (భుజానికి ఆనే వెనక భాగం) పొడవు, స్కోపు బిగించిన దూరం అంతా ఆయన ఒంటికి సరిపోయేట్టు ఉంది. మీరు ఐదడుగుల ఐదంగుళాలని రాశారు. స్కోపులో బొమ్మ పూర్తిగా కనబడాలని మెడ ముందుకు సాచి ఉంటారు. కంటికీ స్కోపుకీ మధ్య మూడున్నర, నాలుగు అంగుళాలు ఉండాల్సిన చోట రెండే మిగిలి ఉంటాయి. దర్జీ కొలతలు తీసుకోకుండా ఇచ్చిన కోటు లాంటిదే అది. ఎవరికి బిగుసుకున్నా నిందించాల్సింది కొలతనే.

కళ్లు మూసుకుపోవడం మాత్రం దానంతటది పోదు. దీన్ని అక్కడ ఫ్లించ్ అంటారు. నాకూ వచ్చింది, నేనూ ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. నా స్కోపు వంకరగా ఉందని చెప్పుకుంటూ తిరిగాను. చివరికి ఒక స్నేహితుడు నా చూపు మరల్చి, రైఫిల్‌లో తూటాలు పెట్టే మ్యాగజైన్‌లో మధ్య మధ్య పేలని డమ్మీ తూటాలు కలిపి పెట్టాడు. పేలుతుందనుకుని ట్రిగ్గర్ నొక్కాను, 'టిక్' మంది, అంతే. కానీ గొట్టం కొస మాత్రం నమస్కారం పెట్టినట్టు కిందికి వంగింది. పక్కనున్న వాళ్లందరూ చూశారు. ఆ రోజే నాకు అర్థమైంది, స్కోపు బాగానే ఉందని. మీరూ ఇది చేసి చూడండి, దాచాల్సిన పని తప్పుతుంది. ఆ తర్వాత వారం పది రోజులు ఖాళీ రైఫిల్‌తో ఇంట్లో ట్రిగ్గర్ నొక్కడం, రేంజ్‌లో .22 చిన్న తూటాలతో వందలకొద్దీ కాల్చడం. చెవులకు లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు రెండూ పెట్టుకోండి. మనకు భయం సగం తన్నుది, సగం చప్పుడుది.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి. మూడో పేజీ అడుగున ఇలా రాశారు: "మా వియ్యపురాలు కూడా ఏటా వెళ్తుంది, ఆవిడది 7 ఎంఎం-08, చిన్నది, తొమ్మిది ఎల్క్‌లను కొట్టిందట." వెంటనే మళ్లీ మాగ్నమ్ దగ్గరికి వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. షాపు కుర్రాడి దగ్గర, అల్లుడి దగ్గర, ఆఫీసులో అడిగిన మీరు తొమ్మిది ఎల్క్‌లను కొట్టిన మనిషిని ఒక్క మాటైనా అడగలేదు!

ఆ 7 ఎంఎం-08 చిన్నదేం కాదు. .308 తూటా మెడను సన్నగా లాగి చేసిందే అది, 1980 నుంచి కంపెనీ తూటాగా దొరుకుతోంది. 140 గ్రెయిన్ల బుల్లెట్ మూడు వందల గజాల దాకా ఎల్క్‌కి సరిపోతుంది. తన్ను మాత్రం మాగ్నమ్‌లో సగానికి కాస్త ఎక్కువ. స్వీడన్‌లో దీనికంటే సన్నదైన 6.5×55తో నూరేళ్లకు పైగా మూస్ అనే జింకలను కొడుతున్నారు. మూస్ ఎల్క్ కంటే పెద్దది. అయితే వాళ్లు ఎక్కువగా దగ్గర నుంచే కాలుస్తారు, ఆ సంగతి కూడా చెప్పాలి.

తూటా పేరు కంటే దాని ముక్కున ఉన్న బుల్లెట్ ముఖ్యం అనడానికి ఒక పాత కథ ఉంది. 1946లో జాన్ నోస్లర్ అనే ఆయన బ్రిటిష్ కొలంబియాలో మూస్ వేటకు వెళ్లాడు. చేతిలో .300 మాగ్నమ్ జాతి తూటానే, మీ వియ్యంకుడి తూటాకి పెద్దన్న లాంటిది. మూస్ ఒళ్లంతా బురద కట్టి ఉంది. బుల్లెట్లు పైపైనే చితికిపోయి లోపలికి దిగలేదు. ఇంటికొచ్చి ఆయన మధ్యలో అడ్డుగోడ ఉన్న బుల్లెట్ తయారు చేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం గట్టిగా నిలబడి లోపలికి దూసుకుపోతుంది. 1948 నుంచి అది పార్టిషన్ పేరుతో అమ్ముడవుతోంది. బలం తక్కువై కాదు, బుల్లెట్ నిలబడక ఆ మాగ్నమ్ ఓడిపోయింది.

మీ విషయంలో ఇంకో మాట ఉంది. ఆ మాంసం నాలుగేళ్ల మనవరాలు కూడా తింటుందన్నారు. సీసం బుల్లెట్ లోపల విచ్చుకున్నప్పుడు కంటికి కనబడనంత చిన్న తునకలు గాయం చుట్టూ అంగుళాల దూరం చెదురుతాయి. పిల్లలకు సీసం కొంచెమైనా మంచిది కాదు. పూర్తి రాగి బుల్లెట్లు దొరుకుతున్నాయి, అవి దాదాపు ముక్కలు కావు. డబ్బాకి కొంచెం ఎక్కువ పెట్టాలి. రాగి విచ్చుకోవడానికి వేగం కావాలి కాబట్టి ఇంకా దూరం కాల్చకూడదు. మీరు ఎలాగూ కాల్చరు.

ఇక మీ ముందున్న దారులు.

వియ్యంకుడి రైఫిల్‌తోనే వెళ్లొచ్చు. మడమకు మెత్తటి ప్యాడ్ వేయించి, స్కోపు మీ కంటికి సరిపడా జరిపించి, తేలికైన 150 గ్రెయిన్ల బుల్లెట్ ఉన్న తూటాలు తీసుకుంటే తన్ను కొంత తగ్గుతుంది. గొట్టం కొసకు మజిల్ బ్రేక్ (పేలుడు వాయువును పక్కలకు మళ్లించే బిగింపు) బిగిస్తే ఇంకా తగ్గుతుంది, కానీ చప్పుడు పక్కవాళ్ల చెవులు చిల్లులు పడేంత పెరుగుతుంది. పైగా అది ఆయన రైఫిల్. మీ కోసం జరిపిన స్కోపుని ఆయన మళ్లీ తన కోసం జరిపించుకోవాలి. సాధన కోసం మీ ఇంట్లో నెలల తరబడి పెట్టుకోవడం కూడా కుదరదు. కొలరాడోలో వేటలోనో రేంజ్‌లోనో ఒకరి తుపాకీ ఇంకొకరు వాడటం వేరు, ఇంటికి తెచ్చుకోవడం వేరు. 72 గంటలు దాటితే బ్యాక్‌గ్రౌండ్ చెక్ (తీసుకునే వారి నేరచరిత్ర పరిశీలన) జరగాలి. దగ్గరి కుటుంబానికి మినహాయింపు ఉంది గానీ అందులో వియ్యంకుడు రాడు. ఆ మాటే వాళ్ల భాషలో లేదు, చట్టంలో ఎక్కణ్నుంచి వస్తాడు! ఈ దారిలో మర్యాద దక్కుతుంది. భయం మాత్రం అక్టోబర్‌కి పోతుందన్న నమ్మకం నాకు తక్కువ.

రెండోది, సొంతంగా ఒక బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకీ చేత్తో గడియ లాగే) రైఫిల్ కొనుక్కోవడం. 7 ఎంఎం-08 గానీ .308 గానీ అయితే నా ఓటు. అల్లుడు చెప్పిన 6.5 క్రీడ్‌మోర్ కూడా తప్పు కాదు, రెండు వందల యాభై గజాల లోపల రాగి బుల్లెట్‌తో దిగులు లేకుండా వాడొచ్చు. థర్టీ ఆట్ సిక్స్ మీ భుజానికి ఒక మెట్టు ఎక్కువ అనిపిస్తోంది, ఫ్లించ్ పోయాక వచ్చే ఏడాది చూసుకోవచ్చు. .308కి ఒక సుగుణం ఉంది: చిన్న ఊరి హార్డ్‌వేర్ షాపులో కూడా తూటాలు దొరుకుతాయి. మరీ తేలికైన రైఫిల్ కొనకండి. మోయడానికి హాయిగా ఉన్నది భుజం మీద కక్ష తీర్చుకుంటుంది. కొన్నాక చేతికి రావడానికి మూడు రోజులు ఆగాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ సరేసరి. ఈ దారిలో ఖర్చు ఉంది, భార్యతో మాట ఉంది.

ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న, ఉత్తరంలో మీరు దాన్ని సణుగుడు కింద జమకట్టారు. పిల్లల చేతికి అందేచోట తుపాకీ తాళం లేకుండా ఉంచడం కొలరాడోలో 2021 నుంచి నేరం. రైఫిల్ కంటే ముందు ఉక్కు బీరువా కొనండి. తూటాలు వేరే చోట, వేరే తాళంలో పెట్టండి. ఆ తాళం ఎక్కడుంటుందో ఆవిడే నిర్ణయించనివ్వండి. అయినా ఆవిడ వద్దంటే రెండో దారి మూసుకున్నట్టే. అప్పుడు వియ్యపురాలి రైఫిల్‌ని వాళ్ల ఊళ్లోనే సాధన చేసి, ఆవిడ వేట అయ్యాక ఒకటి రెండు రోజులు మీరు పట్టుకోవడం మిగిలింది. నెలకు రెండు శనాదివారాలు క్రెయిగ్ వెళ్లిరావాలి. డెన్వర్ నుంచి పోను నాలుగు గంటల దాకా పడుతుంది. మనవరాలిని కూడా తీసుకెళ్లొచ్చు.

మూడోది మీకు నచ్చకపోవచ్చు. ఈ ఏడాది రైఫిల్ లేకుండానే వెళ్లడం. నారింజ రంగు చొక్కా, టోపీ వేసుకుని ఆయన వెనక నడవండి. ఫ్లాట్ టాప్స్ కొండల మీద పది వేల అడుగుల ఎత్తులో ఊపిరి ఎలా ఆడుతుందో, ఎక్కి ఆగిన వెంటనే చేతులు ఎలా వణుకుతాయో తెలుస్తుంది. పడ్డాక అసలు పని మొదలవుతుంది. తినదగ్గ మాంసం అడవిలో వదిలేయడం నేరం. ఎముకలు తీసేశాక కూడా మగ ఎల్క్ మాంసం సుమారు తొంభై కిలోలు, అదంతా వీపు మీద బండి దాకా చేరాలి. అక్కడ ఆయనకు కావలసింది మీ వీపు. లైసెన్సు డబ్బులు పోతాయి, ఇంకేం పోదు.

ఏ దారిలో వెళ్లినా ఒక పరీక్ష పెట్టుకోండి. తొమ్మిదంగుళాల పేపర్ ప్లేటు తీసుకుని రెండు వందల గజాల దగ్గర పెట్టండి. బల్ల మీద ఆనించి కాదు, కూర్చునో, కర్ర ఆనుకునో, నాలుగు గుంజీలు తీసి ఆయాసంతోనో కాల్చండి. ఐదుకి ఐదూ ప్లేటులో పడితే మీ హద్దు రెండు వందలు. పడకపోతే ప్లేటుని దగ్గరికి జరపండి, ఎక్కడ ఐదూ పడితే అదే హద్దు. రెండు వందల గజాల దగ్గర గురి కుదిరేలా రైఫిల్‌ని సరిచేసుకుంటే మూడు వందల దగ్గర బుల్లెట్ ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందికి పోతుంది. ఆ లెక్కలోకి ఈ ఏడాది వెళ్లకండి. ఎల్క్ అడ్డంగా నిలబడ్డప్పుడు ముందుకాలి వెనక, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర గురి. అది నిలబడి ఉన్నంతసేపూ రెండోది, మూడోది కాలుస్తూనే ఉండండి. ఒక్క దెబ్బకే పడాలన్న పంతం జంతువుకు మంచిది కాదు.

తమ్ముడి కొడుకు సంగతి: హెచ్‌-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న రాష్ట్ర వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. అది లేకుండా "ఒక్కసారి పట్టుకుని ఫొటో దిగుతా పెదనాన్నా" అన్నా ఒప్పుకోకండి. వాడి గ్రీన్‌కార్డు మీ సరదా కంటే ఖరీదైనది.

ఇక వియ్యంకుడు. మనలో వియ్యంకుడు పెట్టింది వద్దనడం అంటే విస్తరి ముందు నుంచి లేవడమే. ఆయన ఊళ్లో ఆ లెక్క వేరు. తన తుపాకీ నీకు పొసగలేదని చెప్పిన మనిషిని వాళ్లు తక్కువ చూడరు. పొసగని తుపాకీతో ఎల్క్‌ని కడుపులో కొట్టి, సాయంత్రం దాకా నెత్తుటి చుక్కలు వెతికించిన మనిషిని మాత్రం చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు. కుట్లు పడ్డప్పుడు ఆయన పక్కనే ఉన్నాడని మీరే రాశారు. మీకు చెప్పడానికి ఎలా ఉందో, తన రైఫిల్ వల్ల మీకు దెబ్బ తగిలిందని అడగడానికి ఆయనకూ అలాగే ఉండి ఉండొచ్చు.

అయినా ఆయనకు నేరుగా చెప్పడం కష్టమైతే ముందు ఫోన్ వియ్యపురాలికి చేయండి. "మీ రైఫిల్ ఒకసారి భుజానికి ఆనించి చూడొచ్చా" అని అడగండి. ఆవిడ కూడా పొట్టి మనిషేనన్నారు కాబట్టి దాని మడమ మీకు సరిపోవచ్చు. పనిలో పనిగా ఆవిడ ఏ బుల్లెట్ వాడుతుందో, ఎంత దూరం దాటితే కాల్చకుండా వదిలేస్తుందో అడిగి రాసుకోండి.